మందిరాన్ని మళ్లీ అమర్చుకోవడం: సంఘంతో కలిసి ఆరాధన స్థలాన్ని, తీరును మార్చుకునే పద్ధతి

మా వైపు క్రైస్తవ సంఘాల్లో మార్పు మాట సాధారణంగా రెండు దారుల్లో వస్తుంది. పట్నంలోనో విదేశంలోనో స్థిరపడ్డ కుటుంబం ఒకటి క్రిస్మస్‌కు ఊరొచ్చి, "స్టేజీ మార్పిద్దాం, ఏసీలు మేం పెట్టిస్తాం" అంటుంది. లేదంటే యూత్ పిల్లలు హైదరాబాద్‌లోని పెద్ద మందిరాల ప్రసారాలు ఫోన్లో చూసి ఎల్‌ఈడీ తెర కావాలంటారు. రెండు దారుల్లోనూ ముందొచ్చేది వస్తువే. ఆదివారం పొద్దున ఆ గదిలో ఎవరికి ఏం కష్టంగా ఉందన్నది డబ్బు అయిపోయాక బయటపడుతుంది.

ఈ వరస తిరగేయాలి. ముందు చూడాలి, తర్వాత వినాలి, ఆ తర్వాత ఖర్చు లేకుండా జరిపి చూడాలి, కొనడం చివర్న. నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట వైపు వందా రెండొందల మంది కూడుకునే మామూలు సంఘాలను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఏ డినామినేషన్ అయినా పద్ధతి ఒకటే, అనుమతుల దగ్గర మాత్రం తేడా ఉంటుంది. అందుకే అక్కడి నుంచే మొదలు.

1. ఏది మీ చేతిలో ఉందో తేల్చుకోండి

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘమైతే ప్రభురాత్రి భోజనపు బల్ల, ఆరాధన క్రమం, కట్టడం మార్పులు పాస్టర్ అయ్యగారి ఇష్టంతోనో పాస్టరేట్ కమిటీ తీర్మానంతోనో అయిపోవు, బిషప్ ఉండే డయాసిస్‌కు రాయాలి. కతోలిక విచారణలో, అంటే పారిష్‌లో, పీఠం, సత్ప్రసాద మందసం ఎక్కడుండాలన్నది మేత్రాసనం (కతోలిక డయాసిస్) చూస్తుంది. నల్లగొండ మేత్రాసనం 1976లో ఏర్పడింది కాబట్టి అడగడానికి దూరం వెళ్లక్కర్లేదు. బాప్టిస్టు, మెనొనైట్ బ్రదరన్ సంఘాల్లో ఆరాధన తీరు చాలావరకు సంఘం నిర్ణయమే. భూమి, భవనం మాత్రం చాలాచోట్ల మిషన్ కాలం నుంచి వచ్చిన సొసైటీ పేరనో కాన్ఫరెన్స్ పేరనో ఉంటాయి. పత్రాలు ఎవరి పేరున ఉన్నాయో చూడకుండా గోడ కొట్టకండి. స్వతంత్ర సంఘాల్లో పాస్టర్ గారి సొంత పేరు మీదే స్థలం ఉంటే, సంఘం డబ్బు పెట్టేముందు ఆ విషయం అందరి ముందు మాట్లాడుకోవడం మంచిది. మొహమాటమే, కానీ తర్వాత వచ్చే గొడవకన్నా చిన్నది.

ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: మనమే మార్చుకోగలిగినవి, అడిగి మార్చాల్సినవి, మార్చలేనివి. కుర్చీల వరస, పాటలు, సమయం, శబ్దం, నీడ, చెప్పుల చోటు, తల్లుల చోటు అన్నీ మొదటి గడిలోకే వస్తాయి. ఆదివారం ఆరాధనను నిజంగా మార్చేవీ అవే.

2. ఇప్పుడున్న అమరిక ఎలా వచ్చిందో అడగండి

నల్లగొండలో 1890 ప్రాంతంలో పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీజన్ రష్యా నుంచి వచ్చిన మెనొనైట్, అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పనిచేశాడు. మహబూబ్‌నగర్ మిషన్ స్టేషన్‌ను అమెరికన్ బాప్టిస్టులు 1937లో మెనొనైట్ బ్రదరన్‌కు అప్పగించారు. ఆ పరంపరలో బోధ నడిమికి వచ్చింది, బోధకుడు నిలబడే ఎత్తైన పుల్పిట్ వచ్చింది, బాప్తిస్మపు తొట్టి వచ్చింది. సీఎస్ఐ మందిరాల్లో పొడుగాటి నడవ, చివర బల్ల, దాని ముందు మోకరించే కటకటాలు వచ్చాయి. భక్త్ సింగ్ గారు హైదరాబాద్‌లో నెలకొల్పిన హెబ్రోను ప్రభావంతో నడిచే సహవాసాల్లో చాపలు, తెల్ల బట్టలు, గంటల తరబడి ఆరాధన, తర్వాత ప్రేమవిందు. వీటిలో ఏదీ ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఒక్కోదాని వెనక ఒక్కో కారణం ఉంది.

మార్పు కూడా కొత్తేమీ కాదు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌లో బిషప్ అజరయ్య గుమ్మటాలనూ గుడి స్తంభాల పోకడనూ కలిపి కట్టించారు. అంతకు పదిహేనేళ్ల ముందు, 1924లో ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్ పూర్తిగా ఐరోపా గోథిక్. రెండూ మన తెలంగాణవే, 1947 నుంచి రెండూ సీఎస్ఐవే. కతోలికులకు భారతదేశంలో నేల మీద కూర్చోవడం, చేతులు జోడించడం, హారతి వంటి పన్నెండు అంశాలకు రోమ్ నుంచి 1969లోనే అనుమతి వచ్చింది. "మన పెద్దల కాలం నుంచి ఇంతే" అని ఎవరైనా కమిటీలో బల్ల గుద్దితే, ఏ పెద్దల కాలం నుంచి అని నెమ్మదిగా అడగొచ్చు.

ఊళ్లో ఉన్న అందరికన్నా పాత సభ్యురాలి దగ్గరికి యూత్ పిల్లలను పంపండి. మందిరం ముందు ఎట్లుండె, బెంచీలు ఎప్పుడొచ్చినయ్, ఎవరు ఎక్కడ కూసునేటోళ్లు అని అడగమనండి. ఫలానా బెంచీ చనిపోయిన కొడుకు పేర ఇచ్చిందని అక్కడ తెలుస్తుంది. అది తెలియకుండా దాన్ని వరండాలోకి తోసేస్తే ఎన్ని మీటింగులు పెట్టినా అతకదు.

3. నాలుగు ఆదివారాలు ఏమీ మార్చకుండా చూడండి

ఇద్దరు ముగ్గురికి ఈ పని అప్పగించండి. వాళ్లలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ అయి ఉండాలి. వాళ్లు చూడాల్సినవి:

- చంటిపిల్లల తల్లులు ఎక్కడ కూర్చుంటున్నారు, ఎన్నిసార్లు బయటికి పోతున్నారు, పోయినవాళ్లకు వాక్యం వినిపిస్తోందా.
- ఫ్యాన్ కింద ఎవరున్నారు, ఎండ పడే కిటికీ పక్కన ఎవరున్నారు. పదకొండున్నరకు ఆ కిటికీ దగ్గర నిలబడి చూడండి.
- ఆటోలో తండా నుంచో పక్కూరి నుంచో వచ్చేవాళ్లు ఏ సమయానికి చేరుతున్నారు. వాళ్లు వచ్చేసరికి పాటలు అయిపోతున్నాయంటే తప్పు వాళ్లది కాకపోవచ్చు.
- పాటల్లో ఎవరి పెదాలు కదులుతున్నాయి.
- వంగలేనివాళ్లు, మోకాళ్లు మడవలేనివాళ్లు ఏం చేస్తున్నారు.

చివరిది మా నల్లగొండ జిల్లాలో పైకి కనిపించని బాధ. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన తరం ఉంది. నేల మీద కూర్చోమంటే కూర్చోలేరు, బల్ల దగ్గర మోకరించమంటే మోకరించలేరు. అడగడానికి సిగ్గుపడి ప్రభురాత్రి భోజనం రోజున వెనక గోడకు ఆనుకుని నిలబడిపోతారు, లేదా ఆ ఆదివారం రానే రారు. రొట్టె, ద్రాక్షారసం వాళ్లు కూర్చున్న చోటికి తీసుకెళ్లడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. నన్నడిగితే ఈ జాబితా మొత్తంలో మొట్టమొదట చేయాల్సింది ఇదే. కమిటీ తీర్మానం కోసం కూడా ఆగక్కర్లేదు.

4. వినండి, మందిరంలో మాత్రం కాదు

ఆరాధన అయ్యాక మైకు పట్టుకుని "ఎవరికైనా అభ్యంతరం ఉందా" అంటే ఎవరూ మాట్లాడరు. మాట్లాడే నలుగురూ ఎప్పుడూ మాట్లాడేవాళ్లే. ఇళ్లల్లో కూడికలు పెట్టండి, ఒక్కోదానికి ఎనిమిది పది మంది చాలు. స్త్రీల కూడిక స్త్రీల సమాజం నడిపించాలి. అందులో పాస్టరమ్మగారు కూడా ఉండకపోతే ఇంకా నిజాలు వస్తాయి. పిల్లలను సండే స్కూల్లోనే అడగండి. "నీకు మందిరంలో ఏ చోటు ఇష్టం, ఏ చోటు భయం" అంటే వాళ్లు టక్కున చెప్తారు.

వలస వెళ్లినవాళ్లను మర్చిపోకండి. పాలమూరు సంఘాల్లో సభ్యుల పేర్లు రిజిస్టర్‌లో ఉంటాయి, మనుషులు పుణెలోనో ముంబైలోనో కట్టడం పనిలో ఉంటారు. కానుక పంపుతారు, కొత్త స్టేజీ మాత్రం ఫొటోలో చూస్తారు. ఫోన్ చేసి అడగండి, లేదా వాళ్లు ఇంటికొచ్చే పండగ రోజుల్లో ఒక కూడిక పెట్టండి. పత్తి తీసే నెలల్లో ఏ కూడికా పెట్టొద్దు.

అడిగే ప్రశ్నలు నలుగురికీ అందేలా ఉండాలి. "ఆరాధన శైలి ఎలా ఉండాలి" అంటే జవాబు రాదు. ఇలా అడగండి: పోయిన నెలలో ఏ ఆదివారం మనసు నిండింది, ఆ రోజు ఏం జరిగింది? ఎప్పుడు లేచి పోదామనిపించింది? మీ పక్కింటివాళ్లను మందిరానికి పిలవడానికి ఏది అడ్డొస్తోంది? ఏది తీసేస్తే మీరు బాధపడతారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులు వేరే పుస్తకంలో రాసుకోండి, వాటి అవసరం చివర్న పడుతుంది.

పేర్లు రాయకండి. ఇందులో మర్యాద ఒక్కటే కాదు, వేరే కారణం కూడా ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులుగా మారినవారికి ఎస్సీ హోదా ఉండదు. ఆదివారం ఆరాధనకొచ్చే చాలా కుటుంబాలు ఈ భయంతోనే రిజిస్టర్‌కు దూరంగా ఉంటాయి. పేర్లు, సంతకాలు, వాట్సాప్‌లో ఫొటోలు మొదలయ్యాయంటే వాళ్లు మౌనంగా తప్పుకుంటారు, మీ సర్వే బాగా జరిగిందని మీరు అనుకుంటారు. చీటీ, పెట్టె చాలు. రాయడం రానివాళ్లకు సండే స్కూల్ టీచర్ రాసిపెడుతుంది.

5. ముగ్గుతో గీసి, జరిపి చూడండి

విన్నవన్నీ దగ్గర పెట్టుకుని ఒక శనివారం సాయంత్రం కుర్చీలన్నీ బయట పెట్టించండి. ఖాళీ మందిరంలో ముగ్గుపిండితో కొత్త అమరిక గీయండి. కుర్చీకి దారితో కలిపి సుమారు 7 చదరపు అడుగులు లెక్కేయండి, నడవ 3 అడుగులకు తగ్గకూడదు. గీశాక ఒక ముసలమ్మను, ఒక చంటిబిడ్డ తల్లిని, చేతికర్రతో నడిచే ఒకరిని ఆ గీతల మధ్య నడిచి కూర్చోమనండి. కాగితం మీద కనిపించని తప్పులు పది నిమిషాల్లో కనిపిస్తాయి.

పొడుగాటి గదుల్లో నేను ముందు చూడమనేది ఒక్కటే: పుల్పిట్‌ను చివరి గోడ దగ్గర కాకుండా పొడుగు గోడ మధ్యలో పెట్టి, మూడు వైపులా అర్ధచంద్రంగా కూర్చోబెట్టడం. 60 అడుగుల గదిలో చివరి వరసవాళ్లకు బోధకుడి ముఖం కనిపించదు. అడ్డంగా తిప్పితే ఎవరూ 30, 35 అడుగులకన్నా దూరంలో ఉండరు. ముందు భాగంలో జంపఖానాలు పరిచి నేల మీద కూర్చునేవాళ్లకు, వెనక రెండు వరసలు కుర్చీలు, పక్కన గోడ వెంట బెంచీలు. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు అనే పద్ధతిని కదపాలా వద్దా అన్నది మీ సంఘం ఇష్టం. దాన్ని ఈ మార్పుతో ముడిపెట్టకండి. రెండూ ఒకేసారి మొదలెడితే రెండూ ఆగిపోతాయి.

స్టేజీ మీద వరసగా వేసే సోఫాల గురించి కూడా చెప్పాలి. బోధించేవారికి ఒక కుర్చీ, నడిపించేవారికి ఒక కుర్చీ చాలు. మిగతా పెద్దలు కిందికి దిగి తమ కుటుంబాలతో కూర్చుంటే మందిరం ఒక్క వారంలో మారిపోయినట్టు ఉంటుంది. ఇది చెప్పినందుకు నన్ను కొన్ని ఊళ్లలో మళ్లీ పిలవలేదు.

కొత్త అమరికను ఆరు వారాలు నడపండి, మధ్యలో ఇంకేదీ మార్చకండి. మొదటి వారం అందరూ తిట్టుకుంటారు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. నాలుగో వారం నుంచి వచ్చే మాటలే పనికొస్తాయి. ఆరు వారాలయ్యాక పాత పద్ధతికి మళ్లీ వెళ్లే దారి ఉందని మొదటి రోజే చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి.

6. పాటలు, వాయిద్యాలు

గొడవలన్నీ ఇక్కడే, అందుకే దీనికి ఎక్కువ సమయం పెట్టండి.

ముందు ఒక పరీక్ష. పాట నడుస్తుండగా రెండో చరణం దగ్గర వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆపించండి. సంఘం గొంతు వినిపిస్తే బాగానే ఉంది. గది నిశ్శబ్దమైపోతే, ఇన్నాళ్లూ పాడింది మైకులే. దీనికి మందు కొత్త కీబోర్డు కాదు. చాలాసార్లు స్కేల్ (శ్రుతి) ఎక్కువ కావడమే అసలు జబ్బు. రికార్డులో గాయకుడి గొంతుకు కుదిరిన స్కేల్‌నే కీబోర్డు అబ్బాయి అలాగే పట్టుకుంటాడు. పల్లవి పైకి వెళ్లగానే స్త్రీలు ఆగిపోతారు. రెండు మూడు స్వరాలు దించి చూడండి.

రెండోది, పాత కీర్తనలకు, కొత్త పాటలకు మధ్య తగువు. ఇది రుచుల తేడా అని యూత్ అనుకుంటారు. చదువురాని పెద్దమ్మలకు కీర్తనలు కంఠతా వచ్చు. తెర మీద వచ్చే కొత్త పాట ముందు వాళ్లు ఒక్కసారిగా నోరులేనివాళ్లయిపోతారు. అందుకే మన పల్లె సంఘాల్లో ఒకప్పుడు ఉన్న అలవాటును మళ్లీ తీయండి: నడిపించేవారు ఒక పాదం చెప్తారు, సంఘం అందుకుంటుంది. కొత్త పాటను ఇలా మూడు వారాలు నేర్పాకే వాయిద్యాలు కలపండి. నెలకు ఒక్క కొత్త పాట చాలు. గద్వాల, నారాయణపేట వైపు కన్నడం మాట్లాడే కుటుంబాలు, దేవరకొండ తండాల నుంచి లంబాడీలు ఉంటే, వాళ్ల భాషలో ఒక చరణమైనా ఆరాధనలో ఉండాలి, పండగ రోజు ప్రత్యేక పాటగా కాదు, మామూలు ఆదివారం.

ఇక డప్పు. బయటి నుంచి వచ్చే సంగీత బృందాలకు అది మన నేల వాయిద్యం, తెచ్చి వాయిస్తే సరిపోతుందనిపిస్తుంది. ఊళ్లో పెద్దవయసు మనిషికి అది చావు ముందర, దొరల ఇంటి పనుల్లో వెట్టిగా వాయించాల్సి వచ్చిన వాయిద్యం. క్రీస్తు దగ్గరికి వచ్చిన తొలి తరాల్లో చాలామందికి డప్పు దించడమే తల ఎత్తడం. మరోవైపు 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా భుజానికెత్తుకుంది. ఒకే సంఘంలో తాత ఒక అనుభవంతో, మనవడు ఇంకో అనుభవంతో పక్కపక్కనే కూర్చుంటారు. దీన్ని ఓటుకు పెట్టకండి. ఎవరి నాయన, తాత డప్పు కొట్టారో ఆ కుటుంబాల పెద్దలను ముందు అడగండి. వాళ్లు వద్దంటే వద్దు. వాళ్లు సరే అంటే వాళ్ల చేతుల్లోంచే అది మందిరంలోకి రావాలి, అద్దెకు పిలిచిన బృందంతో కాదు. కోలాటం, తాళాలు, కంజీర, హార్మోనియంతో ఇంత బరువు లేదు. క్రిస్మస్ కోలాటంతో మొదలుపెట్టడం తేలిక.

7. వేడి, ప్రతిధ్వని, మెట్లు

ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో 44 డిగ్రీలు దాటుతుంది. రేకుల మందిరంలో పదిన్నర తర్వాత ఎంత గొప్ప ప్రసంగమైనా చెవికెక్కదు. ఏసీకి ముందు మూడు పనులు చేయండి. వేసవిలో ఆరాధనను ఏడు గంటలకు జరపండి. పైకప్పుకు తెల్లసున్నమో తెల్లటి కూల్ రూఫ్ పెయింటో వేయండి. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ వేడి తగ్గించడానికే. వేడిగాలి పైకి పోయేలా గోడ పైభాగంలో జాలీలు పెట్టండి. రేకుల కింద థర్మోకోల్ సీలింగ్ మాత్రం వద్దు. చవకే, కానీ వైరింగ్‌లో నిప్పురవ్వ లేస్తే వందమంది ఉన్న గది మీదికి మంటలతో కారుతుంది.

సిమెంటు గోడలు, గ్రానైట్ నేల, ఖాళీ కిటికీలు ఉంటే ప్రతిధ్వని తప్పదు. మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్లు కొట్టండి. చప్పుడు సాగుతూ పోతే మీ సమస్య స్పీకర్లు కాదు, గోడలు. సౌండ్ పెంచితే ప్రతిధ్వనీ అంతే పెరుగుతుంది. వెనక గోడకు మందపాటి నూలు తెరలు, నేల మీద జంపఖానాలు వేసి మళ్లీ కొట్టి చూడండి. స్పీకర్లను తల ఎత్తుకు పైన, కొద్దిగా కిందికి వంచి పెట్టండి. గది మరీ పొడుగైతే వెనక రెండు చిన్న స్పీకర్లు పెట్టి మిక్సర్‌లో వాటికి ఆలస్యం (డిలే) సెట్ చేయించాలి, ముందు స్పీకర్ల నుంచి ఉన్న దూరంలో మీటరుకు సుమారు 3 మిల్లీసెకన్లు. పైన కోన్ మైకులు బయటికి తిప్పి పెట్టడం ఆపేయండి: 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సే హద్దు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ నిషేధం. పక్కింటి పిల్ల పరీక్షకు చదువుకుంటోందన్నది నియమం లేకున్నా గుర్తుండాలి.

తెర పెట్టాల్సి వస్తే అక్షరం సైజు చూసుకోండి. 50 అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం సుమారు 5 అంగుళాలు ఉండాలి. మన ఒత్తులు, గుణింతాలు అంతకన్నా చిన్నవైతే అలుక్కుపోతాయి. స్లైడుకు నాలుగు పంక్తులు దాటొద్దు.

అరుగు అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు 18 అడుగుల పొడవు కావాలి, అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. చోటు లేదని నిటారుగా కట్టిన ర్యాంపులు బైకులు ఎక్కించుకోవడానికే పనికొస్తాయి. చోటు లేకపోతే మలుపు తిప్పండి, మెట్ల పక్కన గట్టి కమ్మీ పెట్టండి.

8. డబ్బు, దాతల పేర్లు

మొదట నీడ, నీళ్లు, మరుగుదొడ్డి. తర్వాత కప్పు, శబ్దం, కూర్చునే ఏర్పాటు. తెర, లైట్లు, స్టేజీ అన్నిటికన్నా చివర. స్త్రీలకు తలుపు గొళ్లెం పడే మరుగుదొడ్డి లేని మందిరంలో ఎల్‌ఈడీ గోడ పెట్టడం నాకు నచ్చదు, ఎవరు డబ్బిచ్చినా సరే.

దాత ఒక వస్తువు కోసమే ఇస్తానంటే, మీరు విన్న జాబితా ముందు పెట్టి అందులోంచి ఎంచుకోమనండి. చాలామంది ఒప్పుకుంటారు. ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లు రాయించే అలవాటు మనది. దానికి ఇప్పుడే ఒక నియమం పెట్టుకోండి. అన్ని పేర్లూ ఒకే రిజిస్టర్‌లో రాసి, గోడ మీద ఏమీ రాయకపోతే, కూలి డబ్బుల్లోంచి యాభై ఇచ్చినామెకూ లక్ష ఇచ్చినాయనకూ ఒకే పంక్తి దక్కుతుంది. నెలనెలా జమాఖర్చు నోటీసు బోర్డు మీద పెట్టండి.

9. తీర్మానం, పాత వస్తువులు, మళ్లీ చూడటం

నిర్ణయం సాధారణ సభలో జరగాలి, మినిట్స్‌లో రాయాలి. ఒప్పుకోనివాళ్ల కారణం కూడా వాళ్ల మాటల్లోనే రాయండి. ఏది తీసేస్తే బాధపడతామని నాలుగో మెట్టులో చెప్పిన జవాబులు ఇప్పుడు బయటికి తీయండి. పాత పుల్పిట్‌ను వాక్య పఠనానికి వాడుకోవచ్చు, దాని చెక్కతో బల్ల చేయించుకోవచ్చు. ఎవరి పేర వచ్చిన బెంచీనైనా కదిపేముందు ఆ ఇంటికి వెళ్లి, వాళ్లు చెప్పిన చోటే పెట్టండి. పాత పాటల పుస్తకాలు తూకానికి వేయొద్దు, ముసలివాళ్ల ఇళ్లకు ఇవ్వండి.

ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక మూడో మెట్టులోని పరిశీలన మళ్లీ చేయండి. వాన రోజు రేకుల చప్పుడులో వాక్యం వినిపించిందా, మే నెలలో హాజరు ఎంత పడిపోయింది, వంగలేనివాళ్లు ప్రభురాత్రి భోజనం ఆదివారాలకు వస్తున్నారా అని చూడండి. మార్పు తర్వాత రావడం మానేసిన ఇళ్లు ఏవైనా ఉంటే పాస్టర్ గారొక్కరే కాకుండా ఆ మార్పు అడిగినవాళ్లు కూడా కలిసి వెళ్లాలి.